కొమ్ముచెంబు కాఫీ

వెయ్యి రూపాయలకి దొరికే ఎలక్ట్రిక్ కెటిల్ నీళ్ళు మరిగిస్తుంది. రెండు మూడు వేలకి దొరికే సన్నమూతి కెటిల్ కూడా అవే నీళ్ళు మరిగిస్తుంది. ఇక పదివేలు దాటిన కెటిల్ ఉంటుంది. దానికో చిన్న తెర, తిప్పడానికో గుండీ, లోపల ఒక చిప్పు. తీరా చూస్తే అదీ మరిగించేది నీళ్ళే!

ఈమధ్య మన ఐటీ జనాల్లో పోర్‌ఓవర్ కాఫీ పిచ్చి బాగానే ముదిరింది. కోను ఆకారపు డ్రిప్పర్లో కాగితం ఫిల్టరు పెట్టి, అందులో కాఫీపొడి వేసి, పైనుంచి వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోసుకుంటూ పోవడం. పాలు లేవు, చికోరీ లేదు, చాలామందికి చక్కెర కూడా లేదు. అరకు గింజలు తెప్పించుకోవడం, చేత్తో తిప్పే గ్రైండరు కొనడం అయ్యాక ప్రతివాడూ వచ్చి ఆగేది ఒకే చోట: ఏ కెటిల్ కొనాలి?

కొనుగోలు సలహాగా చెప్పాలంటే రెండు లైన్లలో అయిపోతుంది. కానీ ఆ ఖరీదైన కెటిల్లో మనం డబ్బులు పెట్టి కొనేవి మూడు: సన్నటి కొమ్ము, నీళ్ళు మరగ్గానే దానంతటదే ఆగిపోవడం, డిగ్రీల లెక్క. ఈ మూడూ మూడు దేశాల్లో, మూడు కాలాల్లో, మూడు వేరువేరు ఇబ్బందుల్లోంచి పుట్టాయి. ఎవరి ఇబ్బంది ఏమిటో తెలిస్తే, అందులో మనది ఏదో, మనది కానిది ఏదో తేల్చుకోవచ్చు. అందుకే ఈ చరిత్ర.

ముందు కొమ్ము సంగతి.

ఇంగ్లీషులో దీన్ని బాతుమెడ అంటారు. మనకి అంతకన్నా మంచి మాటే ఉంది. పెళ్ళిలో మామగారు అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడు అత్తగారు నీళ్ళు పోసే చెంబు గుర్తుందా? కొమ్ముచెంబు. పసిపిల్లలకి పాలు పట్టే ఉగ్గుగిన్నెకీ అలాంటి చిన్న కొమ్మే ఉంటుంది. రెండింటి పనీ ఒకటే. ధార సన్నగా, ఎక్కడ పడాలో అక్కడ, ఎంత పడాలో అంత పడాలి. మామూలు చెంబు వంచితే ముందు ఏమీ రాదు, ఇంకాస్త వంచితే భళ్ళున వస్తుంది. కొమ్ము ఉంటే ఆ దూకుడు ఉండదు. సన్నని గొట్టంలోంచి రావాలి కాబట్టి నీటికి కళ్ళెం పడుతుంది.

మరి మన ఇళ్ళల్లో డికాషన్ ఫిల్టర్లోకి నీళ్ళు పోయడానికి ఎవరైనా కొమ్ముచెంబు వాడారా? లేదు. గిన్నెని పట్టకారుతో పట్టుకుని పోసేయడమే. ఎందుకు అక్కర్లేదు, ఇక్కడెందుకు కావాలి? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే కెటిల్ చరిత్ర సగం అర్థమైనట్టే.

మన స్టీలు ఫిల్టర్ని ఒకసారి ఇంజనీరు కళ్ళతో చూడండి. పై గిన్నె అడుగున సన్న చిల్లులు. పొడి వేసి, దానిమీద గొడుగులా కాడ ఉన్న బిళ్ళ పెట్టి మెల్లగా అదుముతాం. నీళ్ళు ఎంత ధాటిగా పోసినా బిళ్ళ మీద పడి, పరుచుకుని, నిదానంగా దిగుతాయి. పొడి చెదరదు. ధార ఎలా పోశామన్నదాంతో డికాషన్‌కి సంబంధమే లేదు. అంటే పోసే మనిషి నైపుణ్యాన్ని ఆ బిళ్ళలో, ఆ చిల్లుల్లో ముందే పెట్టేశారన్నమాట. పోసేసి వెళ్ళి స్నానం చేసి రావచ్చు.

ఈ రెండంతస్తుల పద్ధతి 1800 ప్రాంతంలో ఫ్రాన్సులోనూ ఉండేది. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి అంటే పదార్థం కాదు, కదలిక అని 1798లో వాదించిన కౌంట్ రంఫర్డ్ పేరు ఫిజిక్సు పుస్తకాల్లో వినే ఉంటారు. ఆ పెద్దమనిషే తర్వాత కాఫీ మీద కూడా ఓ పెద్ద వ్యాసం రాశాడు. ఆయన బాధ కూడా నీళ్ళు పడి పొడి చెల్లాచెదురు కాకూడదనే. అందుకోసం పొడిని సమంగా పరిచి అదమమన్నాడు. మన గొడుగు బిళ్ళ చేసే పని అదేగా!

ఇక 1908కి రండి. జర్మనీలో డ్రెస్డెన్ ఊళ్ళో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి. కాఫీలో అడుగున మడ్డి, చేదు. ఆమె ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని సిరా అద్దే కాగితం చింపి అందులో వేసి, పొడి వేసి నీళ్ళు పోసింది. కాఫీ తేటగా దిగింది. అదే ఏడాది బెర్లిన్‌లో దాన్ని రిజిస్టరు చేయించుకుని కంపెనీ పెట్టింది. ఆమె పేరుతోనే ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ఇవాళ మనం వాడే కాగితం ఫిల్టర్లన్నిటికీ ఆ సిరా కాగితమే మొదలు.

తర్వాత ఫిల్టరు కోను ఆకారానికి మారింది. తరవాతి కాలంలో మెలిట్టా కంపెనీ ఒకే ఒక సన్న చిల్లు ఉన్న డ్రిప్పర్లు చేసింది. అక్కడ కూడా పెత్తనం చిల్లుదే. పొడి కాస్త తడిపాక మిగతా నీళ్ళన్నీ ఒకేసారి పోసేయొచ్చు, చిల్లు ఎంత వేగంగా వదిలితే అంతే దిగుతుంది. 1941లో అమెరికాలో కెమెక్స్ అనే గాజుపాత్ర తయారుచేసిన పీటర్ ష్లుంబోమ్ కూడా జర్మనీ నుంచి వలస వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడే. ఆయన చేతిలో పెత్తనం దళసరి కాగితానికి వెళ్ళింది.

ఇంతవరకూ ప్రత్యేకంగా కెటిల్ అన్న ఆలోచన ఎవరికీ అవసరం పడలేదు. గమనించారా? పాత్రే ధారని అదుపు చేస్తున్నప్పుడు పోసే చేతికి పనేముంది?

కథ జపానుకి వెళ్ళాక ఇది తిరగబడింది.

జపానులో మొదటి కాఫీ దుకాణాల్లో ఒకటి 1888లో టోక్యోలో తెరిచారు. 1908లో జపాను వలస కూలీలతో మొదటి ఓడ బ్రెజిల్ వెళ్ళింది. ఆ బంధంతో బ్రెజిల్ కాఫీ జపానులోకి దిగింది. 1911లో గింజాలో కెఫే పౌలిస్టా తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో దిగుమతులు ఆగిపోయి, 1950లో మళ్ళీ మొదలయ్యాయి. ఆ తర్వాత ‘కిస్సాతెన్’ అనే చిన్న కాఫీ దుకాణాలు పుట్టగొడుగుల్లా పెరిగి, 1981 నాటికి లక్షన్నర దాటాయి. ఒక గది, నాలుగు బల్లలు, గల్లా వెనకాల ఒక యజమాని. ఒక్కో కప్పూ విడిగా, అడిగినవాడి కళ్ళముందే చేసివ్వడం. మన టీకొట్టులో సీను తిరగేస్తే ఎలా ఉంటుందో అలా. హడావుడి లేదు, కేకలు లేవు, కప్పుకి ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

అక్కడ చాలామంది యజమానులు వాడింది కాగితం కాదు, ఫ్లానెల్ గుడ్డ. ఇనుప కమ్మీకి కుట్టిన గుడ్డసంచీ. ‘నెల్ డ్రిప్’ అంటారు. ఈ గుడ్డకి చిల్లు లేదు, బిళ్ళ లేదు. నీళ్ళు ఎంత వేగంగా పోస్తే అంత వేగంగా కిందకి జారిపోతాయి. ఆపేవాడు ఎవడూ లేడు. కాబట్టి చిక్కటి కాఫీ కావాలంటే పోసేవాడే ఆపుకోవాలి, ఒక్కోసారి చుక్క తర్వాత చుక్కగా. టోక్యోలో ఇచిరో సెకిగుచి అనే ఆయన 1948లో కెఫే ద లాంబ్ర్ అనే దుకాణం పెట్టి, 2018లో నూటమూడేళ్ళ వయసులో పోయేవరకూ ఆ పనిలోనే ఉన్నాడు. అలాంటివాళ్ళ చేతుల్లో కాఫీ పోయడం ఒక సాధన అయింది. ఆ సాధనకి మామూలు కెటిల్ పనికిరాదు. చుక్కలు కావాలంటే చుక్కలు, దారం కావాలంటే దారం రావాలి. సన్నకొమ్ము కెటిల్‌కి అసలైన గిరాకీ పుట్టింది ఇక్కడ.

అడగ్గానే చేసిపెట్టే ఊరు కూడా జపానులో ఉంది. నీగాతా ప్రాంతంలోని త్సుబామే. పదిహేడో శతాబ్దంలో అక్కడ రైతులు చేతి మేకులు కొట్టేవారు. తర్వాత రాగిపాత్రలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దొరల భోజనానికి చెంచాలు, ఫోర్కులు. ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు. డ్రెస్డెన్‌లో ఒక మేకు చిల్లు పొడిస్తే, మేకులు కొట్టిన ఊరి వారసులు కొమ్ము చేశారు :) ఇవాళ్టికీ పేరున్న జపాను కాఫీ కెటిళ్ళు చాలావరకు త్సుబామే నుంచే వస్తాయి.

ఇక్కడ డ్రిప్పర్లని వరసగా పెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. మెలిట్టాకి ఒక్క సన్న చిల్లు. 1950ల చివర్లో వచ్చిన జపాను కంపెనీ కలీటా మూడు చిల్లులు పెట్టింది. 1973లో కోనో అనే కంపెనీ పూర్తి కోను చేసి అడుగున ఒకే పెద్ద రంధ్రం వదిలేసింది, గుడ్డ ఫిల్టరులో వచ్చే రుచి కాగితంతో రాబట్టాలని. 2005లో హారియో వాళ్ళ వీ60 వచ్చింది. అరవై డిగ్రీల కోను, లోపల మెలికలు తిరిగిన గాట్లు, అడుగున వేలు పట్టేంత రంధ్రం. హారియో 1921లో పెట్టిన గాజు కంపెనీ. ఆ పేరుకి అర్థమే గాజుకి రాజు అని.

చిల్లు పెద్దదవుతున్నకొద్దీ పాత్ర చేతులెత్తేస్తోంది, పెత్తనం మనిషి మణికట్టుకి వస్తోంది. వీ60లో కాఫీ ఎంత వేగంగా దిగాలన్నది రెండే తేలుస్తాయి: పొడి ఎంత మెత్తగా ఉంది, మీరు నీళ్ళు ఎలా పోశారు. అందుకే వీ60 కొన్నవాడికి కొమ్ము కెటిల్ సోకు కాదు, అవసరం. స్టీలు ఫిల్టరు ఉన్నవాడికి అదే కెటిల్ సోకు. నా ఉద్దేశంలో కెటిల్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నా డ్రిప్పర్ ధారని తనే ఆపుకుంటుందా, నన్ను ఆపమంటుందా?

సరే, రెండో సంగతి: దానంతటదే ఆగిపోవడం. దీనికి కాఫీతో ఏమీ సంబంధం లేదు. ఇది ఇంగ్లండు వాళ్ళ టీ పుణ్యం.

ఎలక్ట్రిక్ కెటిళ్ళు 1890లలోనే వచ్చాయి. కానీ వేడిచేసే తీగ పాత్ర కింద విడిగా ఉండేది. వేడంతా బయటికి పోయేది. 1922లో బర్మింగ్‌హామ్‌లోని స్వాన్ కంపెనీ ఇంజనీరు లెస్లీ లార్జ్ తీగని లోహపు గొట్టంలో పెట్టి నీళ్ళలోనే ముంచాడు. పని త్వరగా అవుతోంది. కానీ మర్చిపోతే నీళ్ళన్నీ ఇగిరిపోయి తీగ కాలిపోయేది, ఒక్కోసారి ఇల్లు కూడా.

1955లో రస్సెల్ హాబ్స్ కంపెనీ దీనికి చేసిన పరిష్కారం నాకు చాలా ఇష్టం. కెటిల్ మూత దగ్గర ఒక చిన్న దారి పెట్టారు. నీళ్ళు మరిగినప్పుడు ఆవిరి ఆ దారిన పోయి రెండు లోహాల్ని అతికించిన ఒక పలక మీద పడుతుంది. వేడికి రెండు లోహాలూ ఒకేలా సాగవు కాబట్టి పలక వంగి, స్విచ్‌ని తన్నేస్తుంది. అంతే. చిప్పు లేదు, సెన్సరు లేదు.

ఇందులో గమ్మత్తు ఏమిటంటే, ఆ కెటిల్‌కి నూరు డిగ్రీలంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసింది ‘మరిగింది’ అన్న ఒక్క సంగతే. మన భాషలో చెప్పాలంటే అది నిమిషనిమిషానికీ పోయి టెంపరేచర్ ఎంత అని అడిగే ప్రోగ్రాం కాదు, ఈవెంట్ వచ్చినప్పుడు మేలుకునే ప్రోగ్రాం. దీనివల్ల లాభం ఉంది. సముద్రమట్టం నుంచి మూడొందల మీటర్లు ఎక్కితే నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. హైదరాబాదులో దాదాపు 98 దగ్గర, బెంగుళూరులో 97 దగ్గర, అమెరికాలో డెన్వర్‌లో అయితే 95 దగ్గర మరుగుతాయి. ఆవిరి కెటిల్ ఈ మూడు ఊళ్ళల్లోనూ సరిగ్గానే ఆగుతుంది. నూరు డిగ్రీలు వచ్చేదాకా ఆగనని మొండికేసే డిజిటల్ కెటిల్‌కి మాత్రం డెన్వర్‌లో ఆ నూరు ఎప్పటికీ రాదు. అందుకే కొన్నిట్లో ఊరి ఎత్తు చెప్పుకోవడానికి ఒక సెట్టింగు పెట్టాల్సి వచ్చింది.

ఇంగ్లండులో ఇంటింటికీ ఉన్న కెటిల్ అమెరికా వంటిళ్ళలో ఎందుకు పెద్దగా పాతుకుపోలేదు? వాళ్ళు టీ తక్కువ తాగుతారన్నది ఒకటి, కరెంటు రెండోది. ఇంగ్లండులో 230 వోల్టులు, 13 ఆంపియర్ల ప్లగ్గు. మూడు వేల వాట్ల కెటిల్ లీటరు నీళ్ళని రెండు నిమిషాల్లో మరిగించేస్తుంది. అమెరికాలో 120 వోల్టులు. కెటిల్ పదిహేను వందల వాట్ల దగ్గర ఆగిపోతుంది, అవే నీళ్ళకి దానికి రెట్టింపు టైము.

ఇది మనవాళ్ళకి నేరుగా తగిలే విషయం. అమెరికా నుంచి వచ్చేవాళ్ళ చేత ఖరీదైన కెటిల్ తెప్పించుకునే ఆలోచన ఉంటే వదిలేయండి. 120 వోల్టుల కెటిల్‌ని మన 230 వోల్టులకి తగిలిస్తే వోల్టేజి దాదాపు రెట్టింపు, కరెంటూ దాదాపు రెట్టింపు, కలిపితే వేడి మూడున్నర రెట్లకి పైన. 1200 వాట్లది 4400 వాట్లు లాగబోతుంది. మొదటి కప్పు కాకముందే దాని కథ ముగుస్తుంది. ఫోన్ చార్జర్‌లా ఏ దేశంలోనైనా పనిచేసే రకం కాదిది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చుగా అంటారేమో, అంత వాటేజీకి ట్రాన్స్‌ఫార్మర్ కెటిల్ కన్నా బరువుంటుంది. తిరగేస్తే, ఇక్కడి 1500 వాట్ల సాదా కెటిల్‌ని డల్లాస్ పట్టుకెళ్తే అది నాలుగొందల వాట్ల దగ్గర నీరసంగా మూలుగుతుంది. ఏ దేశంలో తాగుతారో ఆ దేశంలోనే కొనుక్కోవడం మేలు.

అన్నట్టు మన గోడమీది చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. అంటే 1380 వాట్ల వరకే. అంతకు మించిన కెటిల్ అయితే పెద్ద సాకెట్టులో, అదే 16 ఆంపియర్లదాంట్లో పెట్టాలి. అద్దె ఇంటి వంటగట్టు దగ్గర పెద్ద సాకెట్టు ఉందో లేదో చూసుకుని మరీ కొనండి. ఒక కప్పు పోర్‌ఓవర్‌కి కావలసింది నాలుగొందల మిల్లీలీటర్లే కాబట్టి వాటేజీ కోసం ఆరాటం అనవసరం. వెయ్యి వాట్లున్నా రెండు మూడు నిమిషాల్లో మరుగుతాయి.

ఇక మూడోది, డిగ్రీల లెక్క. ఇది అన్నిటికన్నా చివర వచ్చింది.

2000ల తొలినాళ్ళలో అమెరికాలో కొత్త తరం కాఫీ దుకాణాలు మొదలయ్యాయి. 2002లో ఓక్లండ్‌లో బ్లూ బాటిల్ పెట్టిన జేమ్స్ ఫ్రీమన్ జపాను కిస్సాతెన్లంటే పడిచచ్చే మనిషి. వీళ్ళ గల్లాల మీదకి జపాను డ్రిప్పర్లు, కొమ్ము కెటిళ్ళు చేరాయి. 2011లో చేత్తో కాఫీ పోసే పోటీ ప్రపంచస్థాయిలో మొదలైంది. 2016లో ఆ పోటీలో జపానుకి చెందిన తెత్సు కసుయా గెలిచాడు. ఆయన పద్ధతి వింటే మీకు నచ్చుతుంది. ఇరవై గ్రాముల పొడి, మూడొందల గ్రాముల నీళ్ళు, అరవై చొప్పున ఐదు విడతలు. మొదటి నలభై శాతంతో తీపి పులుపుల తూకం, మిగతా అరవైతో చిక్కదనం. పాత మేస్త్రీలు ఏళ్ళ తరబడి చేతికి నేర్పిన విద్యని ఈయన ఎవరైనా పాటించే అంకెల్లోకి దించాడు.

అంకెలు వచ్చాక ఇంజనీర్లు ఊరుకుంటారా? 2010లలో డిగ్రీలు పెట్టుకునే కొమ్ము కెటిళ్ళు వచ్చాయి. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన ఫెలో అనే కంపెనీ స్టాగ్ ఈకేజీ అనే నల్లటి కెటిల్‌కి జనం దగ్గర ముందే చందాలు పోగుచేసి తయారుచేసింది. ఇవాళ మీరు చూసే డిజిటల్ కొమ్ము కెటిళ్ళల్లో చాలావాటికి అదే మూస. లోపల ఉండేది పీఐడీ కంట్రోలు. ఇస్త్రీపెట్టెలో ఉండే థర్మోస్టాట్ ‘ఉంచు, తీసెయ్’ అన్న రెండు ముక్కలే తెలిసినది. వేడి ఎక్కువైపోయాక ఆపుతుంది, తగ్గిపోయాక మొదలెడుతుంది. పీఐడీ ఇప్పుడు ఎంత తేడా ఉంది, ఇంతసేపట్నుంచీ ఎంత తేడా పోగుపడింది, ఎంత వేగంగా తేడా తగ్గుతోంది అని మూడూ చూసి ముందే చెయ్యి తేలిక చేస్తుంది. దీని సిద్ధాంతాన్ని 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కాని కోసం రాశాడు, అనుభవమున్న సరంగులు చుక్కాని ఎలా తిప్పుతారో గమనించి. యుద్ధనౌక నడపడానికి పుట్టిన లెక్క మన వంటింట్లో 93 డిగ్రీలని కాపలా కాస్తోంది. నాకు ఇది ముచ్చటగానే ఉంది. కానీ ముచ్చట వేరు, అవసరం వేరు.

అవసరం ఎంత? దీనికి రెండు పరిశోధనలు చూడండి.

2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వాళ్ళు 87, 90, 93 డిగ్రీల నీళ్ళతో కాఫీ చేశారు. చిక్కదనమూ, పొడిలోంచి దిగిన సారమూ మూడిట్లోనూ ఒకేలా ఉండేట్టు పొడి మెత్తదనం, నీళ్ళ వేగం సర్దారు. శిక్షణ పొందిన రుచిగాళ్ళ చేత తాగిస్తే, వేడి తేడా వల్ల రుచిలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. అంటే వేడికి ప్రభావం లేదని కాదు. వేడి తగ్గితే సారం నెమ్మదిగా దిగుతుంది. పొడిని ఇంకాస్త మెత్తగా ఆడిస్తే ఆ లోటు తీరిపోతుంది. గ్రైండరు చేతిలో ఉన్నవాడికి డిగ్రీ అన్నది రెండో మీట మాత్రమే.

2025లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ధార మీద పని చేశారు. కాఫీపొడిలోంచి చూపు దూరదు కాబట్టి గాజు కోనులో పారదర్శకమైన సిలికా రేణువులు పోసి, లేజరు వెలుతురు పెట్టి, వేగంగా తీసే కెమెరాతో చూశారు. తెగకుండా, చిట్లకుండా పడే నీటిధార కాస్త ఎత్తు నుంచి పడితే పొడిలో గొయ్యి తవ్వుతుంది. చుట్టూ ఉన్న పొడి ఆ గోతిలోకి కూలుతుంది, మళ్ళీ పైకి లేస్తుంది. అలా పొడి మొత్తం కలిసి, అంతే చిక్కదనానికి పది శాతం దాకా తక్కువ పొడి సరిపోవచ్చని తేల్చారు. మరీ పైకి ఎత్తితే ధార చుక్కలుగా చిట్లి ఆ బలం పోతుంది. ఇలాంటి తెగని ధార ఇచ్చేది ఏది? మన కొమ్మే.

అదన్నమాట సంగతి. అన్నిటికన్నా పాతదైన కొమ్ముకి గట్టి కారణం ఉంది. అన్నిటికన్నా కొత్తదైన, అన్నిటికన్నా ఖరీదైన డిగ్రీల తెరకి అంత గట్టి కారణం లేదు. మార్కెట్లో ధర మాత్రం సరిగ్గా తలకిందులు. కొమ్ముకి వెయ్యో రెండు వేలో ఎక్కువ పెడితే, తెరకి ఏడెనిమిది వేలు ఎక్కువ పెడుతున్నాం.

ఈ లెక్కన నేనైతే ఇలా చేస్తాను.

రోజూ పాలూ చికోరీతో తాగే ఫిల్టర్ కాఫీ అయితే ఏ కెటిలూ కొనొద్దు. ఆ నైపుణ్యాన్ని గొడుగు బిళ్ళలో పెట్టేసి మీకు ఎప్పుడో ఇచ్చేశారు. పోర్‌ఓవర్ రాగానే దాన్ని నాటు పద్ధతి అని తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి మీద ఆధారపడకుండా రోజూ ఒకేలా పనిచేసే డిజైన్‌ని మన వృత్తిలో మెచ్చుకుంటాం కదా, వంటింట్లో ఎందుకు మెచ్చుకోం?

వీ60 లాంటి పెద్ద రంధ్రం డ్రిప్పర్ అయితే, ఇంట్లో ఉన్న సాదా కెటిల్లో నీళ్ళు మరిగించి, కరెంటు లేని చిన్న స్టీలు కొమ్ము కెటిల్లోకి ఒంపుకోండి. చల్లటి పాత్రలోకి ఒంపినప్పుడు కొన్ని డిగ్రీలు ఎలాగూ తగ్గుతాయి. నల్లగా వేయించిన గింజలకి అలా తగ్గడమే మంచిది. లేత వేపుడు గింజలకి అయితే ముందు కొమ్ము కెటిల్‌ని వేడినీళ్ళతో ఒకసారి తొలిచి తర్వాత నింపండి. (పెళ్ళినాటి కొమ్ముచెంబుతో ప్రయత్నించకండి. పిడి ఉండదు, చెయ్యి కాలుతుంది.)

కొనేటప్పుడు మూడు చూడండి. ఒకటి, కొమ్ము పాత్ర అడుగు నుంచి మొదలవ్వాలి. నడుం పైనుంచి మొదలైతే కాస్త నీళ్ళు తగ్గగానే ఎక్కువ వంచాల్సి వస్తుంది. రెండు, ముప్పావు లీటరు చాలు. పెద్దది నింపితే బరువుకి మణికట్టు వణుకుతుంది. మూడు, ధార ఆపినప్పుడు నీళ్ళు కొమ్ము కింద నుంచి పాత్ర వెంట కారకూడదు.

కొన్నాక ఒక చిన్న పరీక్ష. గిన్నెని డిజిటల్ తూకం మీద పెట్టి పది సెకన్లలో యాభై గ్రాములు పోయండి. మూడుసార్లు చేయండి. మూడుసార్లూ యాభైకి అయిదు అటూఇటూగా వస్తే మీ కెటిలూ మీ చెయ్యీ రెండూ పాసైనట్టే. ఆ తూకం లేకపోతే కెటిల్ కన్నా ముందు అదే కొనండి. పోసిన నీళ్ళెన్నో తెలియకుండా వాటి వేడి ఎంతో తెలుసుకుని చేసేదేముంది?

బోరునీళ్ళు వాడేవాళ్ళకి లోపల తెల్లటి సున్నప్పొర పడుతుంది. అది కొమ్ము లోపల కూడా పేరుకుని ధారని వంకర చేస్తుంది. నెలకోసారి నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి మరిగించి, కొమ్ములోంచే పారబోస్తే పోతుంది.

మరి డిజిటల్ కెటిల్ ఎవరికి? గ్రీన్ టీ తాగేవాళ్ళున్న ఇంటికి సరే, ఎందుకంటే ఆ ఆకుకి ఎనభై డిగ్రీలు దాటితే చేదెక్కుతుంది. రోజుకి ఐదారుసార్లు చేసుకునేవాళ్ళకీ, ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రలోకి ఒంపడం విసుగనుకునేవాళ్ళకీ సరే. ఆ సౌకర్యానికి డబ్బులు పెడుతున్నామని తెలిసి పెడితే తప్పేం లేదు. రుచి అందులోంచి వస్తుందనుకుని పెడితే మాత్రం ఆ డబ్బు గ్రైండరుకో, మంచి అరకు గింజలకో పోవాల్సింది.

ఒక్కో ఊరివాళ్ళు కాఫీ పని ఒక్కో చోట పెట్టారు. మనవాళ్ళు బిళ్ళలో, జర్మన్లు కాగితంలో, జపాను వాళ్ళు మణికట్టులో, ఇంగ్లీషువాళ్ళు ఆవిరి తగిలితే వంగే పలకలో, అమెరికావాళ్ళు చిప్పులో. పొద్దస్తమానం ఏదో ఒక పనిని మనిషి చేతిలోంచి తీసి కోడ్‌లో పెట్టే ఉద్యోగాలు మనవి. నీళ్ళు మరిగించే పని నేను సంతోషంగా యంత్రానికి ఇచ్చేస్తాను. పోసే ఆ మూడు నిమిషాలు మాత్రం నా చేతికే ఉంచుకుంటాను. వీ60 కొనుక్కున్నదే అందుకు కదా. మరి మీ సంగతేంటి?